విద్యాలయములందు స్త్రీరక్షణము: సభాసదుల ధర్మము



గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండుట గ్రామమునకంతకును పండుగ. 1914లో బెజవాడలో ఆంధ్రదేశపు గ్రంథాలయ ప్రతినిధుల సభ జరిగిన నాటినుండి అయ్యంకి వెంకటరమణయ్యగారి వంటి పెద్దలు కోరినది ఒక్కటియే: చదువు అందరి సొత్తు కావలెను. ఆ కోరిక ఫలించి నేడు తిరువూరు ప్రాంతపు ఆడుబిడ్డలు బస్సెక్కి విజయవాడకో, ఖమ్మమునకో పోయి, వసతిగృహములలో నుండి పెద్దచదువులు చదువుచున్నారు. అట్టి బిడ్డకు కళాశాలలోనే మానమునకు భయము కలిగినచో పెద్దల కర్తవ్యమేమి? ఇదియే నేటి ప్రసంగ విషయము.

ఇట్టి మాట పదిమందిలో ఎత్తుట సిగ్గని కొందరు తలంతురు. మహాభారతము సిగ్గుపడలేదు. తిక్కన సోమయాజి తెనిగించిన విరాటపర్వమున ద్రౌపది సైరంధ్రి యను పేర అంతఃపురమున కొలువు చేయుచుండెను. కీచకుడు రాణికి సోదరుడు, రాజ్యమునకు సేనాపతి. అతని తలంపు ఎరిగియు సుదేష్ణ మద్యము తెమ్మను నెపమున సైరంధ్రిని అతని ఇంటికి పంపెను. ఆమె తప్పించుకొని రాజసభకు పరుగెత్తగా, కీచకుడు వెంటాడి సభలోనే కాలదన్నెను. విరాటుడు చూచెను గాని దండింపలేదు. ఇందు దోషులు ముగ్గురు: చేసినవాడు, తెలిసియు పంపినది, చూచి ఊరకున్న సభ. సభలో దొరకని న్యాయము తుదకు నర్తనశాలలో, చీకటిలో దొరకెను. సభలు నోరు మూసికొన్నచోట చీకటి తీర్పులే మిగులును. అవి ఏ రాజ్యమునకును మేలు గావు.

ఈ మౌనమును భంగించుటకై తెలుగునాట మొదట నిలిచినవారిలో విద్యార్థినులు కలరు. 1974లో హైదరాబాదున, ఉస్మానియా విశ్వవిద్యాలయపు విద్యార్థినులు ముఖ్యులుగా ప్రగతిశీల మహిళా సంఘము ఏర్పడెను. దారిలో, కళాశాలలో ఆడుపిల్లలను ఏడిపించుట వేడుక కాదు, నేరమని వారు చాటిరి. వరకట్నమును, అశ్లీల చిత్రపటములను సైతము ఎదిరించిరి. 1975 నాటి అత్యవసర పరిస్థితిలో ఆ సంఘము సాగలేదు గాని ఆ తలంపు చావలేదు. అందలి కె. లలిత మొదలగువారు పిదప 1978లో స్త్రీశక్తి సంఘటనమును నెలకొల్పిరి. 1985లో అన్వేషి పరిశోధన కేంద్రము వెలసెను.

ఇతర ప్రాంతములందును ఇట్టి కృషియే సాగెను. 1992లో రాజస్థానమున భతేరీ గ్రామములో బాల్యవివాహమును ఆపజూచిన భన్వరీదేవి అను ప్రభుత్వ కార్యకర్తపై ఘోరమైన అత్యాచారము జరిగెను. పని చేయుచోట స్త్రీకి రక్షణ యేదని మహిళాసంఘములు సుప్రీముకోర్టు కెక్కగా, 1997 ఆగస్టు 13న విశాఖ తీర్పు వెలువడెను. దాని ఫలముగా 2013లో చట్టమును, 2016లో విశ్వవిద్యాలయ నిధుల సంఘము ప్రకటించిన నిబంధనలును వచ్చినవి.

ఈ నిబంధనల సారము తల్లిదండ్రులు ఎరుంగవలయును. ప్రతి ఉన్నత విద్యాసంస్థలోను ఫిర్యాదుల సంఘము ఉండవలెను. దానికి అధ్యక్షురాలు అనుభవముగల ఉపాధ్యాయురాలు. సభ్యులలో సగమునకు తక్కువ గాక స్త్రీలుండవలెను. బయటి స్వచ్ఛంద సంస్థనుండి ఒకరుందురు. విద్యార్థుల వ్యవహారమైనచో ఎన్నికైన ముగ్గురు విద్యార్థులును కూర్చుందురు. ఉపకులపతి, రిజిస్ట్రారు, శాఖాధిపతుల వంటి అధికారులు ఇందు సభ్యులు కారాదు. విరాటుడు బావమరిదికి భయపడినట్లు ఈ సభ ఎవరికిని భయపడకుండుటకే ఈ కట్టుబాటు.

ఫిర్యాదు 3 నెలలలోపల వ్రాసి ఇయ్యవలెను. తగిన కారణమున్న గడువు పెంచుదురు. విచారణ 90 దినములలో ముగియవలెను. పేర్లు బయటపెట్టరాదు. సాక్ష్యము చాలనంత మాత్రమున ఫిర్యాదు చేసినవారిని శిక్షింపరాదు. బాధితులు మగపిల్లలైనను, తృతీయ ప్రకృతివారైనను సంస్థ ఆదరింపవలెను. నోటిమాటకు కాలముతో రంగు మారును. కావున తేదీ, స్థలము, చూచినవారి పేర్లు వెంటనే వ్రాసియుంచి, ఫిర్యాదు నకలుపై అందినట్లు సంతకము తీసికొనుట మేలు. ఇదిగాక 2024 జులై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయసంహిత ప్రకారము లైంగిక వేధింపు, వెంటబడుట నేరములు. ఆపద యందు 112, స్త్రీల సహాయమునకు 181 సంఖ్యలు కలవు.

అయినను చట్టము జరిగిన పిదప వచ్చును. జరుగకముందు రావలసినది చదువు. ఈ సంగతి నెరిగి హైదరాబాదులోని జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయము 2015లో ఇంజనీరింగు విద్యార్థులకు స్త్రీపురుష సమత్వమును పాఠ్యాంశముగా పెట్టెను. దానికై సూసీ తారు, రమా మేల్కోటే, గోగు శ్యామల మొదలగువారు కూర్చిన గ్రంథమును తెలుగు అకాడమీ తెలుగు ఆంగ్లములు రెండింటను ప్రచురించెను. అందు పాఠము బాలికలకు మాత్రమే కాదు, బాలురకును. దొంగతనము మానుమని ధనవంతునికి బోధించి ఫలమేమి?

ఇక గడపలోపలి మాట. కళాశాలలో ఒకడు వెంటబడుచున్నాడని కూతురు ఇంట చెప్పినచో పెక్కు ఇండ్లలో జరుగునదేమి? చదువు మాన్పింతురు, పెండ్లిసంబంధము వెదకుదురు. వెంటబడినవాడు పరీక్ష వ్రాయును. చెప్పిన పిల్ల పుస్తకములు అటకెక్కును. దీనిని రక్షణమందురు గాని, ఇది సాక్షికే శిక్ష. పైగా ఇంట చూచుచున్న చెల్లెలు ఒక పాఠము నేర్చును: చెప్పిన చదువు పోవును, కావున చెప్పరాదు. ఆ మౌనమే దుర్మార్గునికి పెట్టని కోట. భద్రత పేరిట వసతిగృహములో బాలురకు లేని ఆంక్షలు బాలికలకు పెట్టరాదని పైనిబంధనలు చెప్పుచున్నవి. సంస్థలకు తగిన ధర్మము గృహములకు తగదా?

కావున తండ్రి మొదట పలుకవలసిన మాట “నీవేమి చేసితివి?” అని కాదు, “అమ్మా, చెప్పితివి, మంచిపని చేసితివి. రేపు ఇద్దరము పోయి ఫిర్యాదు వ్రాసి యిత్తము” అని. అన్నదమ్ములు స్నేహితుని వెకిలిమాటకు నవ్వకుండవలెను, తగదని చెప్పవలెను. కురుసభలో వికర్ణుడు వయసున చిన్నవాడు, కౌరవులలో ఒకడు. అయినను తనవారి తప్పును తప్పనెను. నేటి కళాశాలలకు కావలసినవారు అట్టి యువకులే.

గ్రంథాలయము చేయదగిన పని చిన్నది, సాధ్యమైనది. ఈ నిబంధనల తెలుగు సారమొకటి పత్రికల బల్లపై ఎల్లప్పుడు ఉండవలెను. పిల్లలు చదువుచున్న కళాశాలల ఫిర్యాదు సంఘముల వివరములు తెప్పించి గోడపై అంటింపవలెను. వేసవి సెలవులలో బాలబాలికలను కూర్చుండబెట్టి ఈ విషయమై పెద్దలు ముచ్చటింపవలెను. రజతోత్సవము నాటి దీపములు ఒక రాత్రి వెలుగును. ఈ ఊరి ఆడుబిడ్డ భయము లేక పట్టా పుచ్చుకొని వచ్చినచో ఆ వెలుగు తరతరములకు నిలుచును.