డే ఎండ్ కాని డి డ్రైవ్
మా అమ్మాయి కంప్యూటర్‌లో విండోస్, ఉబుంటు రెండూ ఉన్నాయి. ప్రాజెక్టు ఇవ్వాల్సిన ముందు రోజు రాత్రి ఉబుంటులోంచి విండోస్ డి డ్రైవ్ తెరిచింది. ఫైలు కనిపిస్తోంది, దిద్దితే సేవ్ కాదు. డిస్కు పోయిందని ఏడుపు ఒక్కటే తక్కువ!

డిస్కు బాగానే ఉంది. విండోస్ 8తో వచ్చిన ఫాస్ట్ స్టార్టప్ వల్ల, షట్ డౌన్ నొక్కినా విండోస్ పూర్తిగా ముగియదు. కొంత లెక్క డిస్కులో దాచుకుని నిద్రపోతుంది. మన భాషలో, డే ఎండ్ కాలేదు. అలాంటి పుస్తకంలో మనం ఇంకొకరిని రాయనిస్తామా? ఉబుంటూ అంతే: చదవనిస్తుంది, రాయనివ్వదు.

ఆ దాచిన లెక్కను బలవంతంగా చెరిపేయబోతుంటే ఆపాను. విండోస్‌లోకి వెళ్లి, షట్ డౌన్ కాకుండా రీస్టార్ట్ నొక్కించి, ఉబుంటు తెరిపించాను. సేవ్ అయింది. కంట్రోల్ ప్యానెల్ పవర్ ఆప్షన్స్‌లో ఫాస్ట్ స్టార్టప్ టిక్కు ఆ రాత్రే తీసేశాం. బ్యాకప్‌కి వేరే డిస్కు కొనమని మా ఆవిడ ఇప్పటికీ గుర్తుచేస్తూనే ఉంది.