విద్యయు వివేకమును
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



నేను పండితుడను కాను. పగలు ఊరి లెక్కలు వ్రాయుట నా వృత్తి. రాత్రివేళ ఈ గ్రంథాలయములో కూర్చుండి, టీకల సాయమున ప్రాచీన గ్రంథములు చదువుకొనుట నా వ్యసనము. గురుముఖమున నేర్చినది లేదు గావున, నా మాటలలో దోషములున్న పెద్దలు మన్నింతురుగాక.

ఛాందోగ్యోపనిషత్తు ఏడవ అధ్యాయమున నారదుడు సనత్కుమారుని చెంతకు శిష్యుడై వచ్చును. ముందు నీకు తెలిసినది చెప్పుమని గురువు అడుగగా, నారదుడు తన చదువుల పట్టికను వినిపించెను. నాలుగు వేదములు, ఇతిహాస పురాణములు, వ్యాకరణము, తర్కము, నక్షత్రవిద్య, ఇంకను ఎన్నియో. అందు ‘రాశి’ యనునదొకటి కలదు. అది గణితమని శంకరుల భాష్యము. మా వృత్తివిద్యయు ఆ పట్టికలో నున్నదిగదా యని చదివిననాడు నేను పొంగిపోయితిని. కాని ఇంత చదివియు తాను శోకమును దాటలేదని నారదుడు ఒప్పుకొనెను.

సనత్కుమారుడు ఆ చదువును త్రోసివేయలేదు. దానినే మొదటి మెట్టుగా చేసి, ఒక్కొక్క పైమెట్టును చూపెను. ఆ వరుసలో విజ్ఞానము ఏడవది. దానికంటె బలము, బలముకంటె అన్నము గొప్పవనెను. అన్నము లేనివానికి తెలివియు నిలువదని అందుకు కారణమును చెప్పెను. ఈ భాగము నాకు చక్కగా బోధపడినదనుకొంటిని. బోధపడలేదని ఒక రైతు నాకు నేర్పెను.

కొన్నియేండ్లక్రిందట ఆయన ఒక ప్రామిసరీ నోటు తెచ్చి, “అయ్యా, మూడేండ్లకు ఎంతవుతుందో లెక్కకట్టి చెప్పండి” అని అడిగెను. అసలు పదివేల రూపాయలు. నెలకు నూటికి మూడు రూపాయల వడ్డీ. ఏటేట వడ్డీ అసలులో కలియును. మొత్తము 25,154 రూపాయల 56 పైసలని చెప్పితిని. ఆయన నా ముఖము వంక కొంతసేపు చూచెను. నేను మరేమియు పలుకలేదు. నాకు అభ్యంతరము లేదని తలచి కాబోలు, వెళ్లి వ్రేలిముద్ర వేసెను. మూడవ యేట ఆయన అరయెకరము పొలము చేయి మారినది.

నా లెక్కలో ఒక్క పైస తప్పులేదు. ఆ పొలమున ఎన్ని బస్తాలు పండునో, ఆ యింట తినువారెందరో నాకు తెలియును. ఊరి లెక్కలు వ్రాయువాడను నేనే గదా! తెలిసియు ఆ రెండు లెక్కలను ప్రక్కప్రక్కన పెట్టి చూడనైతిని. అడిగినదానికి బదులు చెప్పితిని, నా పని తీరినదనుకొంటిని.

క్రీ.పూ. 399లో ఏథెన్సు న్యాయసభలో సోక్రటీసు పలికినదిగా ప్లేటో వ్రాసినదానిలో ఒక మాట యున్నది. చేతిపనివారు తమ పనిలో తనకంటె తెలిసినవారేననియు, అది తెలిసినందున తక్కిన గొప్ప విషయములును తెలియుననుకొనుటయే వారి లోపమనియు ఆయన భావము. ఆ చేతిపనివారిలో నేనొకడను.

అట్లని విద్య కొరగానిదని నేననుట లేదు. వడ్డీ కట్టుట రానివాడు ఎంత దయగలవాడైనను ఆ రైతును ఆదుకొనజాలడు. విద్య ఎంతయని చెప్పును. వివేకము ఎవరికి, ఎందుకు అని అడుగును. మొదటిది లేక రెండవది చేతకానిది. రెండవది లేక మొదటిది కనికరము లేనిది.

ఇరువదియైదేండ్లుగా ఈ గ్రంథాలయము నాకు పుస్తకములిచ్చినది. ఆ ఋణములో కొంతయైన తీర్పదలచితిని. ఇకమీద ప్రతి ఆదివారము సాయంకాలము ఈ అరుగుమీద కూర్చుందును. సంతకము చేయవలసిన కాగితమేదైన నున్న, చేయుటకు ముందు తెండు. చదివి వినిపింతును, లెక్కయు కట్టుదును. కాని ముందుగా మీ యింటి సంగతి అడిగెదను. విసుగుకొనక బదులు చెప్పుడు.

సెలవు.