గ్యాసు గాలిలో వదిలేస్తే

 

ఈ ఏడాది ఉపన్యాసానికి ఓజోన్ పొర అనే విషయాన్ని నేనే కోరి తీసుకున్నాను. ఐటీఐ రిఫ్రిజరేషన్ ట్రేడ్‌లో ఎందరో పిల్లలకు పాఠం చెప్పిన మాస్టారి పేరు మీద మాట్లాడటానికి ఇంతకన్నా తగిన విషయం నాకు తోచలేదు. ఓజోన్ పొరకు తూట్లు పొడిచిన రసాయనం మొదట పుట్టింది ఫ్రిజ్ కోసమే. ఆ పొరను కాపాడే పనిలో మిగిలిన భాగం చాలావరకు ఉన్నదీ ఈ ట్రేడ్ చేతుల్లోనే. నేను ప్రధానంగా చెప్పదలచుకున్నది ఈ రెండో సంగతి. కానీ మొదటిది వినకపోతే దాని బరువు అర్థం కాదు.

నేల నుంచి సుమారు 15 కిలోమీటర్లు పైకి వెళితే ఓజోన్ ఎక్కువగా ఉండే గాలి మొదలై 35 కిలోమీటర్ల దాకా ఉంటుంది. ఎక్కువ అంటే ఎంత? మన నెత్తి మీదున్న ఓజోన్ అంతటినీ కిందికి దించి, సముద్రమట్టపు ఒత్తిడిలో, సున్నా డిగ్రీల దగ్గర పరిచామనుకోండి. సగటున 3 మిల్లీమీటర్ల మందం వస్తుంది, రెండు రూపాయి బిళ్లలు ఒకదాని మీద ఒకటి పెట్టినంత. దాన్నే 300 డాబ్సన్ యూనిట్లు అంటారు. ఎండలోని అతినీలలోహిత కిరణాల్లో చర్మ క్యాన్సర్‌కూ కంటిలో శుక్లాలకూ దారితీసే భాగాన్ని చాలావరకు ఆపుతున్నది అదే. పొలంలో పైరుకూ, సముద్రంలో చేపలకు మేతయ్యే సూక్ష్మజీవులకూ అదే రక్ష.

ఈ ఓజోన్ అధికంగా తయారయ్యేది ఎండ నిటారుగా పడే ఉష్ణమండలపు ఆకాశంలో, అంటే మనబోటి వాళ్ల నెత్తి మీద. అక్కడి నుంచి పైగాలులు దాన్ని మెల్లగా ధ్రువాల వైపు మోసుకుపోతాయి. అందుకే తయారైన చోట తక్కువ, చేరిన చోట ఎక్కువ. దక్షిణ భారతం మీద 250, 280 యూనిట్ల మధ్య ఉంటే, వసంతకాలంలో ఉత్తరాది చలిదేశాల మీద 400 కూడా దాటుతుంది. నేల మీది గాలి ఆ ఎత్తులకు ఎక్కే దారి కూడా ప్రధానంగా ఉష్ణమండలమే. ఫ్రిజ్ గ్యాసును అమెరికాలో వదిలినా, జపాన్‌లో వదిలినా అది ఎక్కువగా ఈ దారినే పైకి వెళుతుంది.

హైదరాబాదుకు ఈ కథలో చోటు దొరికింది అందువల్లే. 1980ల్లో అక్కడి టాటా ఇన్‌స్టిట్యూట్ బెలూన్ కేంద్రం నుంచి అహ్మదాబాదు ఫిజికల్ రీసెర్చ్ లేబొరేటరీ వాళ్లూ, జర్మనీ మాక్స్ ప్లాంక్ సంస్థ వాళ్లూ కలిసి పెద్ద బెలూన్లు ఎగరేశారు. ద్రవ నియాన్‌తో చల్లబరచిన పాత్రల్లో ఒక్కో ఎత్తు దగ్గర గాలిని గడ్డకట్టించి కిందికి తెచ్చి, అందులో ఫ్రిజ్ గ్యాసులు ఎంతెంత ఉన్నాయో లెక్కగట్టారు. మన అక్షాంశాల్లో ఇటువంటి కొలతలు అప్పటికి లేనట్టే. ఆ అహ్మదాబాదు ప్రయోగశాలకు తొలి డైరెక్టర్ కె. ఆర్. రామనాథన్. సి. వి. రామన్ శిష్యుడు. ఓజోన్ మీద దశాబ్దాలు పనిచేసి, అంతర్జాతీయ ఓజోన్ కమిషన్‌కు అధ్యక్షుడయ్యాడు. మన పాఠ్యపుస్తకాల్లో ఆయన పేరు కనిపించకపోవడం నాకు బాధగా ఉంటుంది.

ఇక ఆ గ్యాసు కథ. తొలినాళ్ల ఫ్రిజ్‌లలో అమ్మోనియా, సల్ఫర్ డయాక్సైడ్, మిథైల్ క్లోరైడ్ వాడేవారు. అవి లీకై ఇళ్లలో మనుషులు చచ్చిపోయేవారు. 1928లో అమెరికాలో థామస్ మిజ్‌లీ బృందం మంట అంటుకోని, విషం కాని గ్యాసును తయారుచేసింది. 1930లో ఆయన రసాయన శాస్త్రవేత్తల సభలో దాన్ని నిండుగా పీల్చి, వెలుగుతున్న కొవ్వొత్తి మీదికి ఊది ఆర్పి చూపించాడు. విషమూ కాదు, మండేదీ కాదు అని ఒక్క ఊపిరితో రుజువైంది. దీన్ని తలచుకుని ఇవాళ ఆయన్ను నిందించడం నాకు ఇష్టం ఉండదు. ఆ గ్యాసు ఎన్నో ప్రాణాలు కాపాడిన మాట నిజం. ఫ్రియాన్ పేరుతో అది ఫ్రిజ్‌లోకీ, ఏసీలోకీ, స్ప్రే డబ్బాలోకీ, పరుపుల నురగలోకీ వెళ్లింది. రసాయన నామం క్లోరోఫ్లోరోకార్బన్, పొట్టిగా సీఎఫ్‌సీ.

దేనితోనూ కలవకపోవడమే దాని గుణం. ఆ గుణమే ముప్పయింది. వానకు కరగదు, నేల మీద విరగదు. 1971లో శాస్త్రవేత్త జేమ్స్ లవ్‌లాక్ ఒక ఓడలో ఇంగ్లండు నుంచి అంటార్కిటికా వైపు వెళుతూ, దారి పొడవునా గాలిలో సీఎఫ్‌సీ ఉందని తాను కనిపెట్టిన సున్నితమైన పరికరంతో చూపించాడు. మరి అదంతా చివరికి ఎక్కడికి పోతుంది? ఈ ప్రశ్న పట్టుకున్నవాళ్లు కాలిఫోర్నియాలో షెర్వుడ్ రోలండ్, మెక్సికోలో పుట్టి ఆయన దగ్గరికి చేరిన కుర్ర పరిశోధకుడు మారియో మొలీనా. 1974 జూన్‌లో 'నేచర్' పత్రికలో జవాబు అచ్చువేశారు. పైకి చేరాక తీక్షణమైన కిరణాలు సీఎఫ్‌సీని విరగ్గొడతాయి. క్లోరిన్ పరమాణువు విడిపోతుంది. అది ఓజోన్‌ను విరిచి, మళ్లీ విడుదలై, ఇంకో ఓజోన్ మీద పడుతుంది. ఒక్క పరమాణువు ఆగిపోయేలోగా లక్ష ఓజోన్ అణువుల దాకా పోతాయి. కంపెనీలు ఒప్పుకోలేదు. అయినా రోలండ్ వెనక్కి తగ్గక ఏళ్ల తరబడి చట్టసభల్లో, పత్రికల్లో చెబుతూనే ఉన్నాడు. వాళ్లిద్దరికీ, వాళ్లకన్నా ముందే నైట్రోజన్ ఆక్సైడ్లు ఓజోన్‌ను విరిచే సంగతి చెప్పిన పాల్ క్రుట్జెన్‌కూ కలిపి 1995లో నోబెల్ వచ్చింది.

కొలవడం గురించి కాస్త ఆగి చెప్పాలి. అంటార్కిటికాలో హేలీ అనే బ్రిటిష్ కేంద్రంలో 1950ల చివరి నుంచి డాబ్సన్ పరికరంతో ఓజోన్‌ను కొలుస్తూ వచ్చారు. ఎవరూ మెచ్చుకోని పని. ఏటా అదే పరికరం, అదే మంచు, అదే అంకెల పట్టిక. 1970ల చివర్లో అక్టోబరు నెల సగటు తగ్గడం మొదలైంది. 300 యూనిట్ల దగ్గర ఉండేది 1984 వచ్చేసరికి 200 కిందికి పడింది. జో ఫార్మన్, బ్రయాన్ గార్డినర్, జొనాథన్ షాంక్లిన్ ముగ్గురూ పరికరం పాడైందేమోనని వేరేది తెప్పించి సరిచూసుకుని, 1985 మేలో ప్రకటించారు. అమెరికా ఉపగ్రహం కూడా అదే చోటు మీదుగా తిరుగుతూ ఉంది. కానీ అంత తక్కువ అంకెలు వస్తే అనుమానాస్పదమని పక్కన పెట్టేలా దాని లెక్కల పద్ధతి ఉంది. తిరిగి తవ్వి చూస్తే అందులోనూ ఖండమంత విస్తీర్ణంలో ఓజోన్ తరిగి కనిపించింది. ఓజోన్ రంధ్రం అని లోకం పిలిచింది దీన్నే. 220 యూనిట్ల కన్నా తగ్గిన మేరను రంధ్రం కింద లెక్కేస్తారు.

అంటార్కిటికాలోనే ఎందుకు? అక్కడ శీతకాలంలో పైగాలి మైనస్ 78 డిగ్రీల కన్నా చల్లబడి పలచటి మేఘాలు ఏర్పడతాయి. నిద్రాణంగా ఉన్న క్లోరిన్ ఆ మేఘపు రేణువుల మీద చేరి చురుకైన రూపానికి మారుతుందని శాస్త్రవేత్త సూసన్ సాలమన్ చెప్పింది. 1986లో ముప్పై ఏళ్ల వయసులో ఆ చలికి స్వయంగా బృందాన్ని తీసుకెళ్లి కొలిచింది. సెప్టెంబరులో ఎండ తగలగానే విధ్వంసం మొదలవుతుంది. మరుసటి ఏడాది చిలీ దక్షిణపు కొస నుంచి ఎగిరిన విమానం ఆ ప్రాంతంలోకి దూరినప్పుడు క్లోరిన్ మోనాక్సైడ్ పెరిగిన చోటల్లా ఓజోన్ పడిపోయి కనిపించింది. వాదించేవాళ్లకు అక్కడితో మాట మిగల్లేదు.

1987 సెప్టెంబరు 16న మాంట్రియల్‌లో ఒప్పందం మీద సంతకాలయ్యాయి. దాన్ని అందరూ పొగుడుతారు, నేనూ పొగుడుతాను. అయితే అది నిజంగా లోకానికంతా ఒప్పందమైంది మూడేళ్ల తర్వాత లండన్‌లో. మనదేశమూ, చైనా కూడా మొదట చేరలేదు. ఆకాశంలో చేరిన సీఎఫ్‌సీలో అత్యధిక భాగం ధనిక దేశాలది. ఇప్పుడిప్పుడే మధ్యతరగతి ఇంటికి ఫ్రిజ్ వస్తున్న దేశాన్ని, ఖరీదైన కొత్త గ్యాసును సొంత డబ్బుతో కొనుక్కోమనడం అన్యాయం అన్నది మన వాదం. ఆ వాదం నెగ్గింది. 1990లో వర్ధమాన దేశాలకు సాయపడే బహుపాక్షిక నిధి ఏర్పడింది. మనం 1992 జూన్‌లో చేరాం. 1991 నుంచి 2000 దాకా ఈ ఒప్పందం వ్యవహారాలు చూసే ఓజోన్ సెక్రటేరియట్‌ను నడిపిన కె. మాధవ శర్మ కూడా మన ఐఏఎస్ అధికారే. ఇప్పటిదాకా ఆ నిధి 400 కోట్ల డాలర్లకు పైగా మంజూరు చేసింది. ఈ ఒప్పందం నిలబడటానికి శాస్త్రం ఎంత కారణమో, ఈ న్యాయం కూడా అంతే కారణమని నేను గట్టిగా నమ్ముతాను. ప్రపంచంలోని ప్రతి దేశమూ చేరిన ఒప్పందం ఇది.

మన దేశంలో 2008 ఆగస్టుకే సీఎఫ్‌సీల తయారీ ఆగింది, ఆస్తమా ఇన్‌హేలర్లకు కావలసిన కొద్ది భాగం తప్ప. వాటి స్థానంలోకి వచ్చిన హెచ్ఎఫ్‌సీ-134ఏ తయారీ పద్ధతి మీద హైదరాబాదులోని ఐఐసీటీ అనే రసాయన పరిశోధన సంస్థలో పని జరిగింది.

అంతా సవ్యంగానే ఉందనుకుంటుండగా 2018లో ఒక వార్త వచ్చింది. సీఎఫ్‌సీ-11 గాలిలో తగ్గవలసినంత వేగంగా తగ్గడం లేదని, 2012 తర్వాత ఎవరో మళ్లీ వదులుతున్నారని అమెరికా శాస్త్రవేత్త స్టీఫెన్ మాంట్‌స్కా బృందం తేల్చింది. కొరియా, జపాన్ దీవుల్లోని కొలత కేంద్రాలకు తూర్పు చైనా నుంచి వచ్చే గాలి జాడ చెప్పింది. షాన్‌డాంగ్, హెబెయ్ రాష్ట్రాల చుట్టుపక్కల ఇన్సులేషన్ నురగ తయారీలో దొంగచాటుగా వాడుతున్నారని బయటపడింది. గట్టి చర్యలు తీసుకున్నారు. 2021 నాటికి అంకెలు మళ్లీ దిగాయి. దొంగను పట్టించింది ఆ దీవుల్లో రోజూ గాలిని కొలిచేవాళ్లే.

తాజా అంచనాల ప్రకారం ఇదే తీరు సాగితే అంటార్కిటికా మీద 2066 ప్రాంతానికి, ధ్రువప్రాంతాలు మినహా మిగతా ప్రపంచం మీద 2040 నాటికి ఓజోన్ 1980 నాటి స్థితికి చేరుతుంది. ముప్పులు పూర్తిగా పోలేదు. పొలాల్లో అతిగా చల్లే నత్రజని ఎరువుల నుంచి వచ్చే నైట్రస్ ఆక్సైడ్, ఈ శతాబ్దంలో మనం వదులుతున్న ఓజోన్ నాశకాల్లో మొదటిదని 2009లో ఎ. ఆర్. రవిశంకర బృందం లెక్క చెప్పింది. ఆయన మైసూరు విశ్వవిద్యాలయంలో చదువుకున్నవాడు. ఆ వాయువుకు మాంట్రియల్ ఒప్పందంలో కళ్లెం లేదు. రాకెట్ల పొగ సంగతీ ఇప్పుడిప్పుడే లెక్కల్లోకి వస్తోంది.

ఇప్పుడు మెకానిక్ సోదరుల దగ్గరికి వస్తాను. పాత ఏసీల్లో ఇంకా ఆర్-22 ఉంది. సీఎఫ్‌సీ అంత కాకపోయినా అదీ ఓజోన్‌ను తింటుంది. కొత్తవాటిలో ఉన్న ఆర్-32, ఆర్-410ఏ ఓజోన్ జోలికి పోవు గానీ భూమిని వేడెక్కిస్తాయి. కిలో ఆర్-410ఏ గాలిలో కలిస్తే రెండు టన్నుల పైచిలుకు కార్బన్ డయాక్సైడ్ వదిలినట్టే. అందుకే 2016లో కిగాలీలో ఇదే ఒప్పందం కిందికి వీటినీ తెచ్చారు. మనం 2021లో ఆమోదించాం. 2028 నుంచి వాడకం పెరగకూడదు, 2047 నాటికి 85 శాతం తగ్గాలి.

వేసవి వచ్చిందంటే ప్రతి ఇంట్లో వినపడే మాట, "గ్యాసు అయిపోయిందట, కొట్టించాలి" అని. ఏసీలో గ్యాసు అయిపోదు. అది మూసిన గొట్టాల్లో తిరిగేదే. తగ్గిందంటే ఎక్కడో లీకున్నట్టు. ఆ లీకు వెతకకుండా గ్యాసు నింపితే మళ్లీ వేసవికి అంతా గాలిపాలే. నైట్రోజన్ పెట్టి ప్రెషర్ చూడటం, సబ్బునీళ్లు రాసి బుడగ కోసం ఫ్లేర్ నట్ల దగ్గర కనిపెట్టుకు కూర్చోవడం, బ్రేజింగ్ చేసి, వాక్యూమ్ లాగి, తూకం వేసి గ్యాసు ఎక్కించడం గంటల పని. ఇంటాయన మాత్రం పది నిమిషాల పనికిచ్చే డబ్బే ఇస్తానంటాడు.

ఇల్లు మారేటప్పుడూ అంతే. మూడో అంతస్తు సజ్జ మీద, కాలు మోపే చోటు లేకుండా నిలబడి, ఫ్లేర్ నట్ విప్పేస్తే బుస్సుమని రెండు నిమిషాల్లో ఖాళీ. పంప్‌డౌన్ చేయాలంటే ఏసీని కూలింగ్‌లో నడుపుతూ గేజ్ తగిలించాలి. అలెన్ కీతో సన్న గొట్టం వాల్వ్ మూసి, ముల్లు సున్నా దగ్గరికి దిగేదాకా చూసి, లావు గొట్టం వాల్వ్ బిగించి, వెంటనే స్విచ్ ఆపాలి. గ్యాసంతా బయటి యూనిట్‌లోనే నిలబడిపోతుంది. చేయి తిరిగినవాడికి ఇది పావుగంట పనే. యూనిటే పాడైపోతే రికవరీ మెషీన్ కావాలి, సిలిండర్ కావాలి, తూకం కావాలి. ఆ సరంజామా సొంతంగా కొనుక్కోగలిగేవాళ్లు ఈ హాల్లో ఎందరున్నారు?

2019లో కేంద్రం కూలింగ్ యాక్షన్ ప్లాన్ ప్రకటించి, లక్ష మంది సర్వీస్ టెక్నీషియన్లకు శిక్షణ, సర్టిఫికెట్ ఇస్తామంది. మంచిదే. శిక్షణతో పాటు పనిముట్లు కూడా చేతికివ్వాలి. పట్టిన గ్యాసును తీసుకొని, శుద్ధి చేసి, కిలోకు ఇంతని డబ్బిచ్చే కేంద్రం ప్రతి జిల్లాలోనూ ఉండాలి. అది లేనంతకాలం నిండిన సిలిండర్ మెకానిక్ ఇంట్లో మూలన పడి ఉంటుంది, రెండోసారి పట్టాలన్న ఉత్సాహం చచ్చిపోతుంది. మండే గుణమున్న ప్రొపేన్ వంటి గ్యాసులు వస్తున్నాయి. వాటితో పనిచేసేవాడికి బీమా ఉండాలి, సజ్జ మీద నిలబడేవాడికి సేఫ్టీ బెల్టు ఉండాలి. ఆ ఖర్చు ఏసీ అమ్మిన కంపెనీదీ, కొన్నవాడిదీ, ప్రభుత్వానిదీ. లండన్‌లో మనదేశం ధనిక దేశాలను అడిగిన న్యాయాన్నే ఇవాళ మెకానిక్ మనల్ని అడగవచ్చు. 2028 ఎంతో దూరంలో లేదు. ఈ జిల్లాలో అటువంటి కేంద్రం కోసం కలెక్టరుగారికి ఇవ్వవలసిన అర్జీ రాసి తెచ్చాను. సభ అయ్యాక బల్ల మీద ఉంటుంది, చదివి సంతకాలు చేయండి.