పగలు గురువు, రాత్రి శిష్యుడు
(తల్లిదండ్రుల సభలో చేసిన ప్రసంగము)



పగలు ఈ బరంపురమున భౌతికశాస్త్రము బోధించుచు, రాత్రులు దూరవిద్యలో చలనచిత్రకళ నభ్యసించుచున్నాను. "సినిమా పిచ్చిగల మాస్టారు మా పిల్లలకేమి చెప్పును?" అని కొందరు శంకించిరి. ఆ శంక న్యాయమైనదే. సమాధానము చెప్పుట నా విధి.

ఒకనాడు కాంతిపాఠము నింగ్లీషు మాటలతో చెప్పగా తరగతి మౌనము వహించినది. మరునాడు గది చీకటి చేసి, కిటికీకి కట్టిన అట్టకు చిన్న రంధ్రము పొడిచితిని. ఎదుటి గోడపై వీథియు, చెట్టును తలక్రిందులుగా నిలిచినవి. ఎన్నడును నోరు విప్పని బాలుడొకడు, "వెలుగు తిన్నగా పోతుంది కదండీ, అందుకే పైది కిందికొచ్చింది" అనెను. ఇంట తల్లి మాట్లాడు తెలుగులోనే శాస్త్రము పలికినాడు. కెమెరాకు మూలసూత్రమదియే.

సెకనుకు 24 నిశ్చలచిత్రముల చొప్పున గంటన్నర సినిమాలో 1,29,600 చిత్రములుండును. ఈ లెక్కకు పిల్లలు పోటీపడి కాగితములందుకొనిరి.

రాత్రి నా అభ్యాసచిత్రమున గురువులు తప్పులు చూపుదురు. తప్పినవాని బాధ నాకు నిత్యము తెలియుచుండుటచే, మరునాడు విద్యార్థిపై కోపము రాదు.

సింగీతం శ్రీనివాసరావుగారును చిత్రసీమకు రాకముందు సూళ్లూరుపేటలో ఉపాధ్యాయులు. 1987లో వెలువడిన వారి 'పుష్పక విమానం'లో సంభాషణలే లేవు. దానిని ఒడియావారును, తెలుగువారును ప్రక్కప్రక్కన కూర్చుండి చూడవచ్చును.

1936లో గంజాం ఒడిషాలో చేరినది మొదలు మన పిల్లలు రెండు భాషల నడుమ పెరుగుచున్నారు. కావున నా మనవి యొక్కటే. పిల్లవాడు సినిమా చూచి వచ్చినపుడు గద్దింపక, "ఏమి చూచితివి? అదెట్లు తీసియుందురు?" అని తెలుగున అడుగుడు. జవాబు తప్పైనను, చివరిదాక వినుడు.