దోనెకు వాలుబల్ల



గోదావరి మండలములలో కాలువయొడ్డున కాపురముండువారికి చిన్న దోనె ఇంటి పశువువంటిది. పశువును రాత్రికి పాకలో కట్టివేయుదురు గాని, దోనెను నీటిలోనే విడిచిపెట్టుదురు. ఒక్క జడివానకు అది నిండి మునుగును. మునుగకున్నను అడుగుబల్ల నానినాని చివికిపోవును. దినదినమును పైకి లాగుదమన్నచో బంకమట్టి గట్టు జారును. పాలబిందెతో దోనె దిగుచు ఒక వృద్ధుడు అట్టి గట్టున పడి తుంటి విరుగగొట్టుకొనుట నేనెరుగుదును. ఈ రెండు కష్టములకును మందొక్కటియే: గట్టునుండి నీటిలోనికి వాలుగా దింపిన కొయ్యబల్ల.

వాలు ఎంత యుండవలెనో వడ్రంగిని పిలుచుటకు ముందే నిర్ణయించుకొనవలెను. అడుగు ఎత్తునకు ఆరడుగుల బల్ల చాలును. అట్టి వాలుపై 120 కిలోల దోనెను, రాపిడి లేదనుకొన్నచో, 20 కిలోల బలముతో లాగవచ్చును. బడిలో వాలుతలము పాఠము చెప్పునపుడు, ఇది దేనికి పనికివచ్చునని వెనుకబల్ల పిల్లలు నవ్వెడివారు, ఇదిగో, దీనికే. అయితే రాపిడి ఉండక మానదు. కొయ్యపై కొయ్యను ఈడ్చినచో శ్రమ రెట్టింపునకు మించును. కావున రెండడుగులకొకటి చొప్పున, ఇరుసుపై దొర్లు గుండ్రని కొయ్యలను అడ్డముగా నమర్చవలెను. అపుడు ఒంటిమనిషి లాగుకొనగలడు. విహారస్థలములలో పరుగెత్తు జెట్ స్కీలలో కొన్ని 300 కిలోలు దాటును. వానికి గట్టుపై త్రాడు చుట్టు రాట్నము కూడ కావలెను.

కొయ్యను గూర్చి కొంచెము విరివిగా చెప్పవలసియున్నది. ఎల్లప్పుడు మునిగియుండు కొయ్య త్వరగా కుళ్లదు. ఎల్లప్పుడు పొడిగా నుండునదియు కుళ్లదు. తడియుచు ఆరుచు నుండు భాగమే కుళ్లును. ఏలయన, కుళ్లు పుట్టించు బూజునకు తేమయు గాలియు రెండును కావలెను. కాబట్టి చేవగల టేకును నీటిమట్టమునకు పైన మూరెడు, క్రింద మూరెడు వాడి, తక్కినచోట తాటిదూలములు వేసిన చాలును. టేకులో తెల్లని పైకొయ్యను విడువవలెను. తాటికి మాత్రము వెలుపలి భాగమే చేవ; లోని మెత్తని దూటను తొలిచి పారవేయనిచో అది నీరు పీల్చును. సముద్రపు పోటు ఎక్కు పాయలలో ఈ లెక్క తారుమారగును. అచట మునిగిన కొయ్యనే ఓడపురుగు తొలుచును. మరమేకులు తుత్తునాగపు పూత గలవై, తలలు కొయ్యలోనికి దిగియుండవలెను.

బల్ల కొనను నీటి అంచున ఆపుట తగదు. నీరు జానెడు తగ్గినంతనే దోనె బురదలో నిలుచును, బల్ల గాలిలో నిలుచును. అతితక్కువ నీటిమట్టమునకును అడుగున్నర క్రిందివరకు అది దిగవలెను. ధవళేశ్వరము కాలువలకు వేసవిలో మరమ్మతులకై నీరు ఆపునపుడు గుంజలు పాతుట సుఖము. గట్టు ప్రభుత్వముది, నీటిపారుదలశాఖవారి అనుమతి ముందుగా పొందవలెను.

గోదావరి పాయయొడ్డున నైనచో బల్లను విప్పుటకు వీలుగా ముక్కలుగా చేసి, వరదకాలమునకు ముందే ఇంటికి చేర్చుకొనవలెను. 2022 జూలై వరద చూచినవారికి నేను వేరుగా చెప్పనక్కరలేదు.

దోనెదారి ప్రక్కన మనిషికి రెండడుగుల నడకదారి విడిచి, అడుగుకొక అడ్డపట్టె కొట్టించుడు. వారమునకొకసారి కొబ్బరిపీచుతో పాచి తోమించుడు. పట్టుకొనుటకు నడుమెత్తున ఒక వెదురుగడ కట్టినచో, పాలబిందె ఒక చేతనున్నను రెండవ చేతికి ఆధారముండును.