ఎండకూ చీకటికీ మధ్య అరగంట

(రాజమండ్రిలో జరిగిన మహిళా సదస్సులో ఒక విశ్రాంత వ్యాయామోపాధ్యాయిని చేసిన ప్రసంగ పాఠం)



క్రీడల్లో స్త్రీల హక్కుల గురించి మాట్లాడమన్నారు. పెద్ద విషయం. నేను ముప్పయ్యేళ్ళు డ్రిల్లు టీచరుగా పనిచేసినదాన్ని, నాకు తెలిసింది పరుగు. మన గోదావరి జిల్లాల్లో మే నెలలో ఆడపిల్ల పరుగెత్తడం గురించి చెబుతాను.

మే నెలలోనే ఎందుకు, చలికాలం లేదా అంటారు. ఉద్యోగ ప్రకటన మన వీలు చూసుకుని రాదు కదా. అటవీ శాఖలో బీట్ ఆఫీసరు ఉద్యోగానికి మగవాళ్ళు నాలుగు గంటల్లో 25 కిలోమీటర్లు, ఆడవాళ్ళు 16 కిలోమీటర్లు నడిచి చూపించాలి. మా ఊరి పిల్లలు ఐదుగురు దానికోసం కాలవగట్టు మీద సాధన చేస్తున్నారు. కొంత నడక, కొంత పరుగు. వేసవిలో కాలవలు కట్టేస్తారు కనక దారిలో చుక్క నీరుండదు. అంతా దుమ్ము, ట్రాక్టర్లు తొక్కిన గోతులు.

మేలో ఇక్కడ ఐదున్నరకల్లా పొద్దు పొడుస్తుంది. ఏడయ్యేసరికి ఎండ చురుక్కుమంటుంది. అందుకే మగపిల్లలు నాలుగింటికే బయల్దేరతారు. ఆడపిల్ల బయల్దేరగలదా? గట్టు మీద దీపం లేదు. తాగి పడున్నవాళ్ళు, పక్కనే నెమ్మదిగా వచ్చే మోటారు సైకిళ్ళు. "తెల్లారాక వెళ్ళమ్మా" అంటాడు తండ్రి. ఆయన్ని నేను తిట్టలేను, ఆ భయం ఉత్తది కాదు. తెల్లారాక వెళితే ఎండ. సాయంత్రం ఎండ తగ్గేసరికి వంట, ఆ వెనకే చీకటి. నాలుగు గంటల పరీక్షకు ఆ పిల్లకి చల్లగా దొరికేది అరగంట! నియమాల్లో ఆడవాళ్ళకి దూరం తగ్గించారని అందరూ చెబుతారు. ఈ అరగంట లెక్క ఎవరూ చెప్పరు.

పోయిన వేసవిలో ఒకనాడు ఎనిమిది దాటింది. ఐదుగురిలో ఒకమ్మాయి తూలుతూ వచ్చి, "టీచర్, మా ఇల్లు ఎటు?" అంది. తను పుట్టి పెరిగిన ఊరు! ఒళ్ళు కాలిపోతోంది, చెమట ధారగా కారుతోంది. చెమట పడితే వడదెబ్బ కాదని మనవాళ్ళ నమ్మకం. పరుగెత్తేవాళ్ళకి చెమట పడుతూండగానే వడదెబ్బ తగులుతుంది. మన డెల్టాలో ఉక్క, చెమట ఆరదు. ఆరని చెమట ఒంటిని చల్లబరచదు. ఒంటి వేడి 40 డిగ్రీలు దాటి మాట తడబడిందంటే ఇక ప్రాణాపాయమే. ముందు చల్లార్చాలి, తర్వాతే ఆస్పత్రి.

పక్క అరటితోటలో బోరు నడుస్తోంది. దాని కింద కూర్చోబెడదామంటే చుట్టూ చేరిన పెద్దమనుషులు అడ్డం. "ఆడపిల్లని నలుగురిలో తడుపుతారా? బట్టలు వదులు చేస్తారా? ఆటో పిలవండి." ఆ వాదనలో ఎన్ని నిమిషాలు పోయాయో. చివరికి కూలికి వచ్చిన ఆడవాళ్ళు చీరకొంగులు పట్టుకుని చుట్టూ నిలబడ్డారు. పావుగంట నీళ్ళధార కింద ఉంచాక పిల్ల నన్ను గుర్తుపట్టింది. 108 ఆ తర్వాత వచ్చింది. మగపిల్లాడైతే ఆ వాదన జరిగేదా అని మీరే చెప్పండి.

ఆ సాయంత్రమే మొదలైంది, "ఆడవాళ్ళ ఒంటికి ఇవి పడవు" అని. ఇది పాత పాటే. 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో 800 మీటర్లు పరుగెత్తిన స్త్రీలు కుప్పకూలారని పత్రికలు గోలపెట్టాయి. 1960 దాకా మళ్ళీ ఆ పోటీ పెట్టలేదు. స్త్రీల మారథాన్ 1984లో గానీ రాలేదు. ఆ లాస్ ఏంజెలెస్ ఎండలో స్విట్జర్లాండ్ క్రీడాకారిణి గాబ్రియెలా ఆండర్సన్ షీస్ వంకర్లు తిరుగుతూ స్టేడియంలోకి వచ్చింది. చివరి నీళ్ళ కేంద్రం ఆమె దాటిపోయింది. చెమట పడుతూనే ఉందని వైద్యులు ఆపలేదు, 37వ స్థానంలో ముగించింది. చెమట ఒక్కటే చూస్తే చాలదని నేను ఇందాకే చెప్పాను. ఏమైనా, ఆమెను చూపించి స్త్రీల మారథాన్ ఎత్తెయ్యలేదు.

కాలిఫోర్నియాలో ఏటా జూన్ నెలాఖరున వెస్టర్న్ స్టేట్స్ అనే పందెం జరుగుతుంది. కొండదారుల్లో, మండే లోయల్లో నూరు మైళ్ళు, గడువు 30 గంటలు. దాన్ని ఆన్ ట్రేసన్ స్త్రీల విభాగంలో 14 సార్లు గెలిచింది. 1994లో, 1995లో మగవాళ్ళతో కలిపి చూసినా రెండో స్థానం ఆమెదే. ఆమె సత్తా ఆమెదే, సందేహం లేదు. అయితే ఆ దారిలో చోటుచోటునా నీళ్ళు, మంచుగడ్డలు, ఉప్పు, వైద్యులు ఉంటారు. రాత్రి తోడు పరుగెత్తడానికి మనిషి కూడా ఉంటాడు. మన పిల్లకి ఒక కుళాయి లేదు.

ఇంకో మాట. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 15-49 ఏళ్ళ స్త్రీలలో 58.8 శాతం మందికి రక్తహీనత. ఇంట్లో ఆఖరున తిని, గట్టు మీద ముందుండాలంటే ఎలా? ఎండకి ఒళ్ళు అలవాటు పడటానికి కూడా పది పద్నాలుగు రోజులు పడుతుంది. రోజూ కొంచెం కొంచెం పెంచాలి. పరీక్షకి వారం ముందు తొందరపడితే జరిగేది మొన్న చూశాం.

ఆ అమ్మాయి నెలరోజులు ఇంట్లో ఉండి మళ్ళీ వస్తోంది. ఇప్పుడు ఐదుగురూ కలిసే నాలుగున్నరకి బయల్దేరుతున్నారు. వెనక ఒక తల్లి స్కూటరు లైటు వేసుకుని వస్తుంది, వంతులవారీగా. డీజిలు లెక్క... సారీ, పెట్రోలు లెక్క చీటీలో రాసుకుంటున్నారు. గట్టు మీద పది దీపాలు, రెండు కుళాయిలు, ఒక మరుగుదొడ్డి, నడక పరీక్షలు వేసవిలో పెట్టకూడదన్న నియమం కోరుతూ అర్జీ రాశాం. సోమవారం కలెక్టరాఫీసుకి తీసుకెళుతున్నాం. కాగితం ఆ చివర బల్ల మీదుంది, వెళ్ళేముందు సంతకాలు చెయ్యండి. స్కూటరు ఉన్నవాళ్ళు పేరు పక్కన ఆ మాట రాయండి.