కొన్న డిస్కే మొరాయిస్తే

పెద్దమందడి లాంటి ఊళ్లో ఎవరింట్లోనైనా దుబాయి నుంచి తెచ్చిన డీవీడీ ప్లేయర్ ఉందనుకోండి. అందులో మన దేశంలో కొన్న హాలీవుడ్ సినిమా డిస్క్ పెడితే ఆడకపోవచ్చు. డిస్క్ మీద గీత ఉండదు, ప్లేయర్ చెడిపోలేదు. సినిమా కంపెనీలు ప్రపంచాన్ని ముక్కలు చేసి నంబర్లు వేశాయి: అమెరికాకు 1, గల్ఫ్‌కు 2, మనకు 5. నంబర్లు కలవకపోతే బొమ్మ రాదు. కంప్యూటర్ డ్రైవ్‌లోనైతే ఆ నంబరును 5 సార్లే మార్చుకోవచ్చు, ఆ తర్వాత చివరి నంబరు దగ్గరే ఆగిపోతుంది.

దొంగ కాపీకి ఈ తాళాలేవీ ఉండవు. డబ్బు పెట్టి అసలు డిస్క్ కొన్నవాడికే తిప్పలు. నాకు ఇది ముమ్మాటికీ అన్యాయం అనిపిస్తుంది.

డిస్క్ తాళం తీసే ప్రోగ్రామ్ 1999లోనే వచ్చింది. ఆ ప్రోగ్రామ్ విషయంలో కేసు ఎదుర్కొన్న నార్వే కుర్రాడు యోన్ లెక్ యోహాన్సెన్‌ను అక్కడి కోర్టు 2003లో నిర్దోషిగా వదిలేసింది. మన దగ్గర 2007లో మోజర్ బేర్ కంపెనీ వేరే దారి పట్టింది. వీసీడీ 28 రూపాయలకు, డీవీడీ 34 రూపాయలకు అమ్మింది. దొంగ సరుకును ధరతోనే ఎదుర్కొంది.

2012లో మన కాపీరైట్ చట్టంలో 65ఎ సెక్షన్ చేరింది. హక్కులకు గండికొట్టే ఉద్దేశంతో తాళం తీస్తే రెండేళ్ల దాకా జైలు, జరిమానా. చట్టం నిషేధించని పనికి తీస్తే ఈ సెక్షన్ అడ్డురాదు.

పాత డిస్కులు కొనేవారు అట్ట వెనక చిన్న భూగోళం బొమ్మ చూడండి. అందులో 5 గానీ, ‘ఆల్’ అని గానీ ఉంటే మన దేశంలో కొన్న ప్లేయర్‌కు సరిపోతుంది.